ఏ గేమ్ పెట్టినా మొహం మొత్తుతోంది: మళ్లీ ఇష్టంగా ఆడేది ఎలా వెతుక్కోవాలి?

గోదారి_గేమర్

నమస్తే అండి. కంప్యూటర్ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో నా లైబ్రరీ నిండా గేమ్‌లున్నాయి, ఏది తెరిచినా పావుగంటకే మూసేయాలనిపిస్తుంది. ఇన్నాళ్లూ ఎక్కువగా నడిచినవి జట్లుగా కాల్చుకునే వాలరెంట్, ఫోన్‌లో బీజీఎంఐ (చివరిదాకా బతికినవాళ్లు గెలిచే షూటర్), మధ్యమధ్యలో అసాసిన్స్ క్రీడ్ లాంటి, ఎటైనా తిరగగలిగే పెద్ద ఓపెన్ వరల్డ్ గేమ్‌లు. ఇప్పుడున్నది 8 జీబీ ర్యామ్ లాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు. రాత్రిపూట ఓ గంట దొరుకుతుంది. "టాప్ 50" జాబితాలు మాత్రం వద్దు, అవి చదివేసరికే నీరసం వస్తోంది. ఎంచుకోవడానికి పద్ధతంటూ ఏదైనా ఉంటే చెప్పండి.

పిక్సెల్_పంతులు

ముందు అలసట దేనిమీదో తేల్చుకోవాలండి. గేమ్‌లంటేనే విసుగొచ్చిందని అనుకుంటాం, చాలాసార్లు విసుగు ఒకే రకం పని మీద ఉంటుంది. వాలరెంట్‌కీ అసాసిన్స్ క్రీడ్‌కీ పైకి పోలికే లేదు. కానీ ఒకచోట గెలుపోటములతో పెరిగి తరిగే ర్యాంక్ రేటింగ్ ఉంది, ఇంకోచోట మ్యాప్ నిండా ఒక్కొక్కటిగా తుడిచెయ్యాల్సిన గుర్తులున్నాయి. రెండూ మీ ముందు ఒక అంకె పెట్టి పెంచమంటాయి. వాలరెంట్ వదిలి కౌంటర్ స్ట్రైక్‌కి, అసాసిన్స్ క్రీడ్ వదిలి ఫార్ క్రైకి వెళితే బొమ్మలు మారతాయి, పని మారదు. అందుకే కొత్త గేమ్ కూడా పావుగంటలో పాతబడిపోతుంది.

2004లో హునికె, లెబ్లాంక్, జుబెక్ అనే ముగ్గురు రాసిన ఎండీఏ అనే పత్రం ఒకటుంది. గేమ్ డిజైన్ చదివేవాళ్లంతా చూసేదే. ఆటలో సంతోషం ఎన్ని వైపుల నుంచి వస్తుందో అందులో ఎనిమిది రకాలుగా విడదీశారు: కంటికీ చెవికీ హాయి, వేరే లోకంలో ఉండటం, కథ, సవాలు, తోటివాళ్ల సాంగత్యం, కొత్తది కనిపెట్టడం, మన చేత్తో ఏదైనా తయారుచెయ్యడం, ఊరికే కాలం గడపడం. మీ జాబితాలో సవాలూ, సాంగత్యమూ అరిగిపోయి, కనిపెట్టడం అనేది మ్యాప్ గుర్తుల కింద నలిగిపోయింది.

పద్ధతి ఇది. కాగితం తీసుకుని, ఒకప్పుడు బాగా నచ్చిన మూడు గేమ్‌లు అనుకోండి. గేమ్ పేరు రాయొద్దు, అందులో మీకు గుర్తుండిపోయిన ఒక్క క్షణం రాయండి. "దారి తప్పి ఒక గుహలోకి వెళ్లాను" అని రాస్తే మీకు కావాల్సింది అన్వేషణ. "ఎవరు చేశారో తట్టింది" అంటే ఆలోచించి తేల్చడం. "ఊరంతా సర్దాను" అంటే కట్టుకోవడం. తర్వాత మధ్యలో వదిలేసిన మూడింటిని తీసుకుని, సరిగ్గా ఎక్కడ చెయ్యి ఎగ్జిట్ మీదికి వెళ్లిందో రాయండి. రెండో జాబితానే ఎక్కువ పనికొస్తుంది. మూడింటిలోనూ ట్యుటోరియల్ దగ్గరే ఆగారా? మెనూలూ, శక్తులు ఒక్కొక్కటే తెరుచుకునే అప్‌గ్రేడ్ చెట్లూ వచ్చినచోట ఆగారా? ఓడిపోయాక ఆగారా? దాన్నిబట్టి దేన్ని తప్పించాలో తెలుస్తుంది.

అన్వేషణ అని తేలితే ఔటర్ వైల్డ్స్. తేల్చడం అయితే రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్. కట్టుకోవడం అయితే డోర్ఫ్‌రొమాంటిక్, టౌన్‌స్కేపర్. చేతి చురుకు ఇంకా కావాలనిపిస్తే సెలెస్ట్.

ఓరుగల్లు_క్లచ్

పంతులుగారు చెప్పింది కరెక్టే గని, ర్యాంక్ ఆడేటోళ్ల సంగతి జర వేరే ఉంటది. వాలరెంట్‌ల ఒక కాంపిటీటివ్ మ్యాచ్ గెల్వాలంటె 13 రౌండ్లు కొట్టాలె. 30, 40 నిమిషాలు ఈజీగ పోతది. 12-12 అయితె ఓవర్‌టైమ్, ఇంకింత లాగుతది. మధ్యల లేస్తె పెనాల్టీ. నీ దగ్గరున్నది గంట అంటె రాత్రికి ఒక్కటే మ్యాచ్ అన్నట్టు. అది ఓడితె ఆ రోజంత ఓటమి మీదనే బంద్ అయితది. ఆట చెడ్డది కాదు, నీ టైముకు దాని సైజు పడ్తలేదు.

పక్కన ఏదన్న కొత్తది ఆడాలంటె దీన్ని కంప్యూటర్ల నుంచి తీసెయ్యాలె. ఐకాన్ కండ్ల ముందట ఉంటె కొత్త గేమ్ పది నిమిషాలు కష్టం పెట్టంగనె చెయ్యి దానిమీదికే పోతది. అకౌంట్ పోతదని, స్కిన్స్ పోతయని భయం వద్దు, అవన్ని సర్వర్‌ల ఉంటయి, మల్ల ఇన్‌స్టాల్ చేస్తె అట్లనే వస్తయి. ఒక ముచ్చట గుర్తుంచుకో: గేమ్ తీసేసినా, మోసం చేసేటోళ్లను పట్టే రయట్ వ్యాన్‌గార్డ్ అనే ప్రోగ్రామ్ విడిగ ఉండిపోతది, కంప్యూటర్ ఆన్ కాంగనె నడుస్తది. విండోస్ సెట్టింగ్స్‌ల ఇన్‌స్టాల్డ్ యాప్స్‌కు పోయి దాన్ని వేరుగ తియ్యాలె. 8 జీబీ మెషిన్‌కు ఏ కొంచెం ఖాళీ అయినా మంచిదే.

బీజీఎంఐకి ఫోన్ సెట్టింగ్స్‌ల నోటిఫికేషన్లు బంద్ పెట్టు. డైలీ మిషన్లు, బహుమతులిచ్చే పాస్ పైసలు పెట్టి కొన్నం కాబట్టి ఆడాలె అనే ముచ్చట ఉంటది చూడు, అక్కడనే ఆట పోయి డ్యూటీ అయితది. పాస్ పైసలు ఎట్లాగూ పోయినయి, నీ రాత్రులు కూడ దానికి ఇయ్యకు.

చెయ్యి మాత్రం ఏదో కొట్టాలని గుంజుతుంటె వాంపైర్ సర్వైవర్స్. ఒక స్టేజీ 30 నిమిషాలకు పూర్తి. నడుచుడు ఒక్కటే మన పని, ఆయుధాలు వాటంతట అవే పేలుతయి. నీ లాప్‌టాప్‌ల నడుస్తది. స్క్రీన్ నిండ శత్రువులు వచ్చినప్పుడు స్పీడ్ తగ్గితె సెట్టింగ్స్‌ల డ్యామేజ్ అంకెలు, ఫ్లాష్ ఎఫెక్టులు తీసెయ్.

విశాఖ_విష్‌లిస్ట్

వెతికే పద్ధతి అడిగారు కాబట్టి స్టీమ్‌లో చెయ్యాల్సినవి చెప్తాను. చాలామంది స్టోర్ మొదటి పేజీ చూసి "అన్నీ ఒకేలా ఉన్నాయి" అంటారు. మీరు వందల గంటలు షూటర్లు ఆడితే అది షూటర్లే చూపిస్తుంది, దాని తప్పేం లేదు.

మొదట స్టోర్ ప్రిఫరెన్సెస్‌లోకి వెళ్లి, ఇప్పుడు చూడ్డానికి కూడా ఇష్టం లేని ట్యాగ్‌లు (గేమ్ ఏ రకమో చెప్పే గుర్తులు) మినహాయింపుల్లో పెట్టండి. బ్యాటిల్ రాయల్, లూటర్ షూటర్, ఓపెన్ వరల్డ్ సర్వైవల్ క్రాఫ్ట్, ఇలా. తర్వాత స్టోర్‌లో ఇంటరాక్టివ్ రికమెండర్ అని ఒకటుంటుంది. దాన్లో రెండు జారుడు మీటలుంటాయి, ఒకటి పాతవి కావాలా కొత్తవా అని, ఇంకోటి అందరూ ఆడేవా అరుదైనవా అని. రెండోదాన్ని అరుదైన వైపు పూర్తిగా జరపండి. మీకు పేరు కూడా తెలియని గేమ్‌లు అప్పుడే బయటికొస్తాయి.

డెమోలు వాడండి. నెక్స్ట్ ఫెస్ట్ అని స్టీమ్ ఏడాదికి మూడుసార్లు, ఫిబ్రవరి, జూన్, అక్టోబరుల్లో వారంపాటు పెడుతుంది. ఇంకా విడుదల కాని గేమ్‌ల డెమోలు వందల్లో ఉంటాయి, అన్నీ ఉచితం. మొహం మొత్తినవాళ్లకి ఇంతకంటే మంచి సమయం లేదు, ఎందుకంటే అక్కడ ఎవరి అభిప్రాయమూ ఇంకా గట్టిపడి ఉండదు. ఐదారు దించుకుని ఒక్కొక్కదానికి ఇరవై నిమిషాలివ్వండి. మర్నాడు పొద్దున్న ఏది గుర్తొస్తే దాన్ని విష్‌లిస్ట్‌లో వెయ్యండి. ఆడుతున్నప్పుడు బాగుందనిపించడం కన్నా మర్నాడు గుర్తురావడాన్నే ఎక్కువ నమ్మొచ్చు.

రిఫండ్ సంగతి అందరికీ సగమే తెలుసు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడినది 2 గంటల్లోపు, రెండూ కలిస్తేనే. ఆ 2 గంటలు గేమ్ ప్రోగ్రామ్ తెరిచి ఉన్న సమయం మొత్తం. మెనూలో వదిలేసి భోజనానికి వెళ్లినా లెక్కే. కొన్ని పెద్ద గేమ్‌లు మొదటిసారి షేడర్లు (బొమ్మ గీయడానికి కావాల్సిన చిన్న ప్రోగ్రామ్‌లు) తయారుచేసుకోవడానికే చాలాసేపు తీసుకుంటాయి, నెమ్మది మెషిన్‌లో మీ సమయం అక్కడే కరిగిపోతుంది. గేమ్‌కి ముందు వేరే కంపెనీ లాంచర్ ప్రోగ్రామ్ తెరుచుకునే గేమ్‌లకీ ఇదే ఇబ్బంది. అందుకని గంటంపావు దగ్గర ఆగి "రేపు కూడా ఇది తెరుస్తానా?" అని అడుక్కుని తేల్చెయ్యండి. ఎపిక్ అనే ఇంకో స్టోర్‌లో కూడా 14 రోజులు, 2 గంటలే. జీఓజీ అనే స్టోర్‌లో 30 రోజులు, ఆడినా సరే ఇస్తారు. ఊరికే అడుగుతూ పోతే మాత్రం ఎక్కడైనా ఆపేస్తారు, ఉచితంగా ఆడుకునే దారిగా వాడకండి.

గోదారి_గేమర్

విశాఖ గారూ, కొన్న వారానికే సేల్ వస్తే? రిఫండ్ తీసుకుని మళ్లీ తక్కువకి కొంటే దుర్వినియోగం అంటారా?

విశాఖ_విష్‌లిస్ట్

అనరు. దాన్ని దుర్వినియోగంగా చూడబోమని స్టీమ్ విధానంలోనే రాశారు. అదే 14 రోజులు, 2 గంటల హద్దులో ఉండాలి, అంతే.

సిక్కోలు_సేవ్‌పాయింట్

పంతులుగారూ, ఔటర్ వైల్డ్స్ ఆ లాప్‌టాప్‌లో సుఖంగా నడవదండి. కనీసం జీటీఎక్స్ 660 స్థాయి గ్రాఫిక్స్ కార్డు కావాలని స్టోర్ పేజీలోనే ఉంది. ముక్కుతూ మూలుగుతూ నడిచే గేమ్‌తో మొదలెడితే, విసుగు గేమ్ మీదా మెషిన్ మీదా అన్నది కూడా తేలదు. కార్డు లేని 8 జీబీ మెషిన్‌కి నాలుగు చెప్తాను, ఒక్కొక్కటీ ఎక్కడ తేడా కొడుతుందో కూడా.

ఎ షార్ట్ హైక్. 2019ది. రెండు గంటల్లోపు అయిపోతుంది. పక్షిపిల్ల ఒకటి కొండ ఎక్కాలి, అంతే పని. బంగారు ఈకలు దొరికినకొద్దీ ఇంకాస్త పైకి ఎక్కగలుగుతుంది, గాల్లో తేలగలుగుతుంది. మ్యాప్ మీద గుర్తులుండవు, ఎంత శాతం అయిందో చెప్పే పట్టీ ఉండదు. ఓపెన్ వరల్డ్ మీద విరక్తి పుట్టినవాళ్లకి మొదట దీన్నే ఇవ్వాలి. ఓపెన్ వరల్డ్‌లో మొదట మనకి నచ్చిందేమిటో ఇది నిర్మలంగా చూపిస్తుంది. బొమ్మ గరుకుగా ఉండి కళ్లు లాగితే సెట్టింగ్స్‌లో పిక్సెల్ పరిమాణం తగ్గించండి. చేసే పొరపాటేమిటంటే నేరుగా శిఖరానికి పరిగెత్తడం. ఈకలు చాలక మధ్యలో జారి విసుగొస్తుంది. కిందనున్న వాళ్లందరితో మాట్లాడుతూ తిరిగితే ఈకలు వాటంతటవే కూడతాయి.

ఇన్‌టు ది బ్రీచ్. 8 గళ్లు బై 8 గళ్ల పలక, మూడు యంత్రాలు. శత్రువు ఏ గడిని కొట్టబోతున్నాడో ముందే చూపిస్తుంది. మీ పని కొట్టడం కన్నా వాణ్ణి పక్కకి తొయ్యడం. ఒక పోరాటం నాలుగైదు టర్న్‌లు, పది పదిహేను నిమిషాలు. సమయం తరమదు, టీ పెట్టుకొచ్చి ఆలోచించుకోవచ్చు. ఈజీలో మొదలెట్టండి, అందులో నామోషీ ఏమీ లేదు. పోరాటానికి ఒకసారి టర్న్ మొత్తాన్ని వెనక్కి తిప్పుకోవచ్చు, కొత్తవాళ్లు ఆ మీట చూడక అనవసరంగా ఓడిపోతారు. నాలుగు దీవులూ గెలవాలనుకుని అలిసిపోకండి, రెండు దీవులయ్యాక ఆఖరి పోరుకి వెళ్లిపోవచ్చు. భవనాల మీద కన్ను ఉంచాలి. యంత్రం దెబ్బతింటే తర్వాత బాగవుతుంది, భవనాల కరెంటు గ్రిడ్ సున్నాకొస్తే ఆట అక్కడితో సరి.

బలాట్రో. 2024 ఫిబ్రవరిలో వచ్చింది. పేకముక్కలు, పోకర్ చేతులు (ముక్కల కలయికలు), వాటి లెక్కల్ని తలకిందులు చేసే 150 జోకర్లు. డబ్బు పందెం లేదు. పోకర్ రానివాళ్లు కంగారుపడతారు గానీ రన్ ఇన్‌ఫో నొక్కితే ఏ చేతికి ఎంతో పట్టిక కనిపిస్తుంది. ఎనిమిది యాంటీలు (దశలు) దాటితే గెలుపు. ఒక్కో యాంటీకి మూడు బ్లైండ్‌లు (చేరాల్సిన స్కోర్లు), మూడోది బాస్. కొత్తవాళ్లు గుణకం పెంచే జోకర్ ఒక్కటీ లేకుండా చిప్స్ (ఆ గుణకంతో హెచ్చించే పాయింట్లు) మాత్రమే పోగేస్తారు, నాలుగైదు యాంటీల దగ్గర గోడకి కొట్టుకుంటారు. వేగం 4కి పెట్టండి, పాత టీవీలా కనిపించే సీఆర్‌టీ ఎఫెక్ట్‌నీ, తెర ఊగే స్క్రీన్ షేక్‌నీ తగ్గించండి, కళ్లకి హాయి. ఒక హెచ్చరిక: ఇది రాత్రి నిద్ర తినే గేమ్. మీ అలసటలో నిద్రలేమి పాలు ఉంటే దీన్ని పక్కన పెట్టండి. గెలిచాక ప్రతి డెక్‌నీ ప్రతి స్టేక్ (కష్టం స్థాయి)లోనూ గెలవాలనే పట్టిక ఊరిస్తుంది. మీరు పారిపోయి వచ్చింది అలాంటి పట్టికల నుంచే.

రిటర్న్ ఆఫ్ ది ఒబ్రా డిన్. నా లెక్కన మీకు సరిపోయేది ఇదే. 2018లో లూకస్ పోప్ చేసింది. ఈస్టిండియా కంపెనీ ఓడ ఒకటి మనుషుల్లేకుండా 1807లో తిరిగొస్తుంది. అందులో ఉన్న 60 మందిలో ఎవరెవరు, ఎవరికి ఏమైందో మీరు పుస్తకంలో నింపాలి. ఓడ జాబితాలో మన దేశపు నావికులు కూడా ఉంటారు. గంటలో ఒక అధ్యాయం చూసి ఆపొచ్చు. ర్యాంకూ, లెవెలూ, రివార్డూ ఏమీ లేవు, మీరు గమనించిందే మీ సంపాదన. నలుపు తెలుపు బొమ్మలు మొదట కళ్లకి గుచ్చుకుంటాయి, సెట్టింగ్స్‌లో పాత మానిటర్ల రంగులు వేరేవి ఉన్నాయి, మార్చి చూడండి. దీన్ని యూట్యూబ్‌లో మాత్రం చూడొద్దు. ఒకసారి తెలిసిపోతే ఆ గేమ్ మీకిక లేనట్టే.

నెల్లూరు_థంబ్

లాప్‌టాప్ లేనివాళ్ల సంగతి కూడా చెప్పండన్నా! బలాట్రో, స్లే ద స్పైర్, స్టార్‌డ్యూ వ్యాలీ, మినీ మెట్రో అన్నీ ఆండ్రాయిడ్‌లో ఉండాయి. ఒకసారి డబ్బు కట్టి కొనేవి, మధ్యలో యాడ్‌లు ఉండవు. ఫోన్‌లో మొహం మొత్తేది ఉచిత గేమ్‌ల వల్లనే ఎక్కువ. ఎనర్జీ అయిపోయిందంటాది, నాలుగు గంటలాగి రమ్మంటాది. ప్లే స్టోర్‌లో కొన్నది నచ్చకపోతే 48 గంటల్లోపు రిఫండ్ అడగొచ్చు, అది దాటితే గేమ్ చేసినవాళ్లనే అడగాల. స్లే ద స్పైర్ అక్షరాలు చిన్న ఫోన్‌లో కనపడవు, కొనేముందు స్క్రీన్‌షాట్లు మీ ఫోన్‌లోనే తెరిచి చూసుకోండి. రైలు దారులు గీసే మినీ మెట్రోలో మామూలు మోడ్‌లో స్టేషన్ కిక్కిరిసి ఓడిపోతాం, ఎండ్‌లెస్ మోడ్ పెట్టుకుంటే ఓటమే లేదు.

గోదారి_గేమర్

చాలా థాంక్స్ అండి. ఒక సందేహం. అలసిపోతే పొలం సాగుచేసుకునే స్టార్‌డ్యూ వ్యాలీ ఆడమని ప్రతిచోటా చెప్తారు. చూస్తే అందులోనూ పొద్దున లేచి పని, సాయంత్రానికి లెక్క. అది మనసుకి విశ్రాంతా, ఇంకో ఉద్యోగమా?

సిక్కోలు_సేవ్‌పాయింట్

ఆడే తీరునిబట్టి రెండూ అవుతుందండి. అందులో రోజు పొద్దున 6కి మొదలై అర్ధరాత్రి 2కి ముగుస్తుంది, మన గడియారంలో సుమారు 14 నిమిషాలు. సేవ్ అయ్యేది పడుకుంటేనే. అంటే "ఇంకొక్క రోజు" అనిపించేలాగే దాని కట్టుబడి ఉంది. రుతువుకి 28 రోజులు, రుతువు మారితే పాత పంట ఎండిపోతుంది. వికీ తెరిచి ఏ పంటకి ఎంత లాభం, ఎవరికి ఏ రోజు ఏ కానుక అని మొదలుపెట్టారంటే ర్యాంక్ పుష్‌కీ దీనికీ తేడా ఉండదు.

విశ్రాంతిగా ఆడాలంటే మొదటి వసంతంలో పదీ పదిహేను మొక్కలకి మించి వెయ్యకండి. ఎక్కువేస్తే నీళ్లు పొయ్యడానికే ఒంట్లో శక్తి అంతా పోతుంది, స్ప్రింక్లర్లు వచ్చేదాకా అదే చాకిరీ. చేపలు పట్టడం మొదట్లో కష్టంగా ఉంటుంది. ట్రెయినింగ్ రాడ్ అని చౌక గాలం దొరుకుతుంది, దాంతో పట్టీ పెద్దదై సులువవుతుంది. ఊళ్లో పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌ని బాగుచెయ్యడానికి గడువేమీ లేదు, మూడో ఏడాదికి పూర్తిచేసినా ఎవరూ అడగరు. ఇంత చెప్పినా, అంకెల మీద అలిసిన మనిషికి నేనైతే దీన్ని మొదటి గేమ్‌గా ఇవ్వను. ఆర్నెల్ల తర్వాత చూడండి.

డల్లాస్_డ్యూయల్‌సెన్స్

కన్సోల్ వైపు నుంచి ఒకటి రెండు. ప్లేస్టేషన్ 5లో సెట్టింగ్స్, నోటిఫికేషన్స్‌లోకి వెళ్లి ట్రోఫీ పాప్‌అప్‌లు ఆపేయండి. చిన్న మార్పే, కానీ పని పూర్తయిందన్న శబ్దం లేకుండా ఆడితే గేమ్ మీదే ధ్యాస ఉంటుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలుపెట్టాక మామూలుగా రిఫండ్ రాదు, స్టీమ్ అలవాటుతో కొనకండి.

రెండోది, కష్టం తగ్గించుకోవడం. చాలా మంచి గేమ్‌లు దీనికి మర్యాదైన దారి పెట్టాయి. హేడీస్‌లో గాడ్ మోడ్ ఆన్ చేస్తే మొదట 20 శాతం దెబ్బ తగ్గుతుంది, చచ్చిన ప్రతిసారీ ఇంకో 2 శాతం, గరిష్ఠంగా 80 దాకా. కథ ఏమీ తగ్గదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసెయ్యొచ్చు. సెలెస్ట్ అసిస్ట్ మోడ్‌లో ఆట వేగాన్ని పదిపది శాతం చొప్పున సగందాకా దించుకోవచ్చు. నా సలహా, దెబ్బే తగలని పూర్తి అభయం ఆన్ చెయ్యకుండా వేగం 80కి పెట్టి చూడండి. గెంతే ఆనందం అలాగే ఉంటుంది, చికాకు పోతుంది.

స్క్వాడ్ కోసం మాత్రమే బీజీఎంఐకి వెళ్లేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లకి కావాల్సింది ఆ కబుర్లే కాబట్టి గేమ్ మార్చినా చాలు. ఇట్ టేక్స్ టూ ఇద్దరికే, ఫ్రెండ్స్ పాస్ ఉంది కాబట్టి ఒకరు కొంటే చాలు. నలుగురైతే డీప్ రాక్ గెలాక్టిక్, ఒక మిషన్ అరగంట అటూ ఇటూ, ఓడినా ఎవరి ర్యాంకూ పడిపోదు. రెండింటికీ మామూలు గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. ఇండియాలో ఉన్న తమ్ముళ్లతో అమెరికా నుంచి ఆడాలంటే పింగ్ (సర్వర్‌కి వెళ్లి తిరిగొచ్చే సమయం) 200 మిల్లీసెకన్లు దాటుతుంది, షూటర్ ఏదైనా కోపం తెప్పిస్తుంది. టర్న్‌ల మీద నడిచేవి పెట్టుకోండి. సివిలైజేషన్ 6లో ప్లే బై క్లౌడ్ ఉంది, మీ టర్న్ మీరు ఆడి పడుకుంటే వాళ్ల పగటిపూట వాళ్లు ఆడతారు. పాలిటోపియా ఫోన్‌లో అలాగే నడుస్తుంది.

ఓరుగల్లు_క్లచ్

అందరు కొత్త గేమ్ అంటున్నరు గని, కొన్నొద్దులు ఏమీ ఆడకుంట ఉండుడు కూడ ఒక దారే కద? ఫోన్ పక్కన పెట్టి సాయంత్రం షటిల్ ఆడితె పాయె.

పిక్సెల్_పంతులు

మంచిదే భయ్యా, శరీరానికి చాలా మంచిది. కానీ విరామం మాత్రమే తీసుకుని మళ్లీ అదే ర్యాంక్‌కి తిరిగొస్తే వారంలో అదే చోటికి చేరతారు. విరామం అలసటను దించుతుంది, పనిని మార్చదు. పైగా విరామంలో చాలామంది ఆడటం మానేసి ఇతరులు ఆడే స్ట్రీమ్‌లు చూస్తూ కూర్చుంటారు. అప్పుడు కళ్లూ నిద్రా అలాగే పోతాయి, ఆడిన తృప్తి కూడా ఉండదు. ఆపితే రెండూ ఆపాలి.

ఒక మాట సూటిగా చెప్పాలి. గేమ్‌లు ఒక్కటే రుచించకపోతే ఈ చర్చంతా పనికొస్తుంది. పాట, భోజనం, స్నేహితులు, సినిమా, ఏదీ రుచించక, నిద్ర చెడి, ఇది రెండు వారాలు దాటి సాగితే అది గేమ్ ఎంపిక సమస్య కాదు. డాక్టర్‌తో మాట్లాడాలి. టెలిమానస్ 14416 మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఉచిత నంబరు, తెలుగులో మాట్లాడతారు. ఇది చదివేవాళ్లలో ఎవరికైనా అవసరం ఉంటే మొహమాటపడకండి.

ఇక ఆడేవాళ్లకి. ఏ గేమ్ ఆడాలో రాత్రి కుర్చీలో కూర్చున్నాక తేల్చుకోవద్దు. అప్పటికి మెదడు అలిసిపోయి, తెలిసిన గేమ్ వైపే లాగుతుంది. మధ్యాహ్నమే ఒకటి అనుకోండి. కంప్యూటర్‌లో రెండు మూడు గేమ్‌లే ఉంచండి, మిగతావి అన్‌ఇన్‌స్టాల్ చేసి, లైబ్రరీలో రైట్ క్లిక్ చేసి మేనేజ్‌లో హైడ్ నొక్కండి. పోవు, కనపడవంతే. రెండు మూడు కూడా వేర్వేరు బరువులవి ఉండాలి: ఒకటి మెదడుతో ఆడేది, ఒకటి చేత్తో ఆడేది, ఒకటి రెండు గంటల్లో అయిపోయేది. ఎంతసేపు పడుతుందో హౌ లాంగ్ టు బీట్ సైట్‌లో ముందే చూడండి. విచర్ 3 ప్రధాన కథ ఒక్కటే 50 గంటల పైమాట. రోజుకి గంట ఉన్నవాళ్లకి అది రెండు నెలలు. అంతసేపు ఒకే లోకంలో ఉండటానికి ఇప్పుడు ఓపిక లేకపోవడం సహజం, దాన్ని తప్పుగా అనుకోవద్దు.

విశాఖ_విష్‌లిస్ట్

రెండు గంటల గేమ్ అన్నారు కాబట్టి వెన్బా పేరు చెప్పకుండా ఉండలేను. 2023లో టొరంటోలోని విసాయి గేమ్స్ చేసింది. కెనడాకి వలస వెళ్లిన తమిళ కుటుంబం, అమ్మ దగ్గరున్న చిరిగిన వంటల పుస్తకం. చెరిగిపోయిన చోట ఏం రాసుండాలో మీరు తేల్చి వండాలి. మొదటి వంట ఇడ్లీ. ఆవిరి అన్ని ప్లేట్లకీ అందేలా పాత్రలో ఎలా పేర్చాలన్నదే అక్కడి చిక్కు. మన వంటింట్లో చూసినవాళ్లకి చెప్పకుండానే తెలుస్తుంది. తప్పు చేస్తే శిక్షేమీ లేదు, మళ్లీ పేర్చుకోవడమే. గంటన్నరలో అయిపోతుంది, అందుకని పూర్తి ధరకి కొనడానికి కొందరు వెనకాడతారు. మొహం మొత్తి ఉన్నప్పుడు ఒక గేమ్‌ని చివరిదాకా చూడటమే పెద్ద సంగతి కాబట్టి నేను సమర్థిస్తాను. సేల్‌లో తగ్గుతుంది కూడా.

ఎపిక్ స్టోర్‌లో ప్రతి గురువారం ఉచిత గేమ్ మారుతుంది, మన టైములో రాత్రి 8:30కి, అమెరికాలో చలికాలపు గడియారం ఉన్న నెలల్లో 9:30కి. తీసుకోండి గానీ ఉచితమని ప్రతిదీ తీసుకోకండి. కాగితం మీద రాసుకున్న దానికి సరిపోతేనే. తెరవని గేమ్‌ల కుప్ప పెరిగినకొద్దీ ఎంచుకోవడం బరువవుతుంది.

గోదారి_గేమర్

కాగితం రాస్తే "ఎవరు చేశారో తట్టింది" అన్నదే ఎక్కువ తేలింది. ఒబ్రా డిన్ మొదలైంది, వాలరెంట్ వ్యాన్‌గార్డ్‌తో సహా పోయింది. ఒకచోట ఇరుకు: పుస్తకంలో ముఖాలు కొన్ని మసకగా ఉన్నాయి, కొన్ని స్పష్టంగా. చాలామందికి పేరు ఊహించి పెడితే తప్పో ఒప్పో చెప్పట్లేదు. ఏదైనా తప్పు నొక్కడం జరుగుతోందా?

సిక్కోలు_సేవ్‌పాయింట్

లేదండి, దాని పద్ధతే అది. మసకగా ఉన్న ముఖమంటే ఆ మనిషిని తేల్చడానికి చాలినంత ఆధారం మీరింకా చూడలేదని. వాళ్లని వదిలేసి స్పష్టంగా ఉన్నవాళ్ల దగ్గరే ఆగండి. ముఖం దగ్గర చిన్న త్రికోణాలుంటాయి, ఒకటుంటే సులువు, మూడుంటే కష్టం. ఒక త్రికోణం ఉన్నవాళ్లతో మొదలుపెట్టండి. సరైనవి మూడు కుదిరినప్పుడే పుస్తకం ఒకేసారి అచ్చువేసి ఖాయం చేస్తుంది, అప్పటిదాకా ఏమీ చెప్పదు. గుడ్డిగా ఊహించి దాటిపోకుండా అలా పెట్టారు.

పేరు తెలియకపోయినా హోదాతో మొదలెట్టొచ్చు. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఏం తొడుక్కున్నారు, ఏ భాషలో మాట్లాడుతున్నారు, పక్కన ఎప్పుడూ ఎవరుంటున్నారు అన్నవి చూడండి. ఓడ సిబ్బంది జాబితాలో ప్రతి పేరు పక్కన దేశమూ ఉద్యోగమూ ఉంటాయి, మాట్లాడే యాసకి దాన్ని జతచెయ్యండి. ఎవరో చనిపోయిన క్షణాన్ని చూపే జ్ఞాపకంలోకి వెళ్లినప్పుడు చనిపోయినవాణ్ణే చూడకండి, మూలన నిలబడినవాళ్ల చుట్టూ ఒకసారి తిరిగి రండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకోండి, జ్ఞాపకం తెరుచుకునే ముందు చీకట్లో వినిపించే మాటల్లోనే చాలా ఆధారాలు ఉన్నాయి.